బంకమన్ను దాచిన నీళ్లు



ఇవాళ ఒక చిన్న ప్రశ్నతో మొదలు పెడతాను. ఒక తట్టెడు ఇసుక, ఒక తట్టెడు బంకమన్ను, రెండూ బాగా నాని ఉన్నాయనుకోండి. వీటిలో ఏది ఎక్కువ నీళ్లు పట్టుకొని ఉంటుంది? చాలామంది ఇసుకే అంటారు. వాగులో చేత్తో ఇసుక తోడి చెలిమె చేస్తే నిమిషంలో నీళ్లు ఊరడం మనందరం చూసినదే కదా! కాని సరైన జవాబు బంకమన్ను. ఇసుకలో నూరు పాళ్లకు ముప్పై పాళ్ల చోటు నీళ్లకు ఉంటే, మెత్తని బంకమన్నులో నలభై, ఒక్కొక్కచోట యాభై పాళ్లు కూడా ఉంటుంది. అయితే ఉండడం వేరు, ఇవ్వడం వేరు. పిసినారి ఇంట్లో పెట్టె నిండా డబ్బున్నా పక్కింటికి పావలా రాదు చూడండి, బంకమన్ను సంగతి అంతే.

ఈ పిసినారితనం వల్ల మనకు మేలూ ఉంది, కీడూ ఉంది. బాయి తవ్వించాలన్నా, బోరు వేయించాలన్నా, చెరువు పూడిక తీయించాలన్నా దీని గుణం తెలిసి ఉండాలి. నేను మెట్రిక్ వరకే చదివినదాన్ని. అయినా ఈ సంగతి చదివి తెలుసుకున్నాక, ఇది ఇంజనీర్లకే కాదు, బిందె మోసే ప్రతి ఆడమనిషికీ తెలియవలసినదే అనిపించింది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. రెండు ఖాళీ డబ్బాలు తీసుకొని అడుగున మేకుతో నాలుగు చిల్లులు పొడవండి. ఒకదాంట్లో వాగు ఇసుక, ఇంకొకదాంట్లో తడిపి మెత్తగా పిసికిన రేగడి మన్ను నింపి, రెండింటి మీదా చెంబెడు చెంబెడు నీళ్లు పోయండి. ఇసుక డబ్బాలో నీళ్లు చూస్తుండగానే కిందికి దిగిపోతాయి. మన్ను డబ్బాలో తెల్లవారి చూసినా నీళ్లు పైనే నిలిచి ఉంటాయి.

ఎందుకిలా? ఇసుక రేణువు కంటికి కనిపిస్తుంది. రేణువుకూ రేణువుకూ మధ్య సందు కూడా పెద్దదే. బంకమన్ను రేణువు మిల్లీమీటరులో 500వ వంతు కంటే చిన్నది. పైగా గుండ్రంగా ఉండదు, అటుకుల్లా పల్చటి పలకలుగా ఉంటుంది. ఆ పలకల మధ్య సందులు లెక్కలేనన్ని, కాని ఒక్కొక్కటీ చెప్పలేనంత ఇరుకు. అందులో చేరిన నీరు పలకలకు అంటుకొని కూర్చుంటుంది. రవ్వలో పోసిన నీళ్లు అడుగుకు పోవడానికీ, మెత్తగా కలిపిన పిండి ముద్ద మీద పోసిన నీళ్లు పైనే నిలవడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే.

నీరు మట్టిలో ఎంత వేగంగా పోతుందో మొదట లెక్క కట్టినవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు హెన్రీ డార్సీ. దిజోన్ అనే తన ఊరికి మంచినీళ్లు తెచ్చిపెట్టిన మనిషి. గొట్టాల్లో ఇసుక నింపి, నీళ్లు వదిలి, కొలిచి, 1856లో తన సూత్రాన్ని అచ్చు వేయించాడు. దాని సారాంశం సులువే. మట్టి పొరకు ఇటూ అటూ నీటిమట్టంలో తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ నీరు పారుతుంది. పొర ఎంత మందమైతే అంత తక్కువ పారుతుంది. మిగిలినదంతా ఆ మట్టి గుణం. ఈ మట్టి గుణంలోనే ఉంది కిటుకు. ఇసుకలో పోయే వేగంతో పోలిస్తే బంకమన్నులో నీరు లక్ష రెట్లు, గట్టి మన్నయితే కోటి రెట్లు కూడా నెమ్మదిగా పోతుంది.

ఇక మన నేల సంగతికి వద్దాం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి గాని, నేల కింద రాళ్లకు ఆ సరిహద్దులు తెలియవు. అందుకని పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ అనే చెబుతాను. ఈ రెండింటిలో బంకమన్ను మూడు రకాలుగా ఎదురవుతుంది.

మొదటిది కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు. అక్కడ అడుగున ఉన్నది గట్టి గ్రానైటు రాయి. ఆ రాయి వేల ఏళ్లుగా ఎండకూ వానకూ చివికి పైన మొరం అయింది. రాయిలో ఫెల్డ్‌స్పార్ అనే భాగం చివికితే బంకమన్నుగా మారుతుంది. మొరంలో ఈ మన్ను తక్కువుంటే వాన నీరు దిగుతుంది, ఎక్కువుంటే దిగదు. భూగర్భజలాల లెక్కకు 1997లో నిపుణుల సంఘం ఇచ్చిన ప్రమాణం ప్రకారం, మన్ను తక్కువ ఉన్న గ్రానైటు నేలలో కురిసిన వానలో నూటికి 11 పాళ్లు కిందికి దిగుతాయి. మన్ను ఎక్కువుంటే 8 పాళ్లే. పక్కపక్క చేన్లలో ఒక బాయి నిండి, ఇంకొకటి ఎండితే, అది అదృష్టమనీ జాతకమనీ అనుకుంటాం. చాలాసార్లు ఈ మన్ను తేడాయే ఉంటుంది.

రెండవది ఆదిలాబాద్, బోథ్, భైంసా, ముథోల్ వైపు పత్తి పండే నల్లరేగడి. ఇది అగ్నిపర్వతపు లావా గడ్డకట్టిన నల్లరాయి చివికి ఏర్పడిన నేల. ఎండాకాలంలో చేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. తొలకరి పడగానే నీళ్లు ఆ నెర్రెల వెంట గబగబా లోపలికి పోతాయి. నాలుగు వానలు పడేసరికి మన్ను ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. అప్పటినుంచి ఎంత వాన పడ్డా పైపైనే పారి వాగులో కలుస్తుంది. ఆరుద్ర, పునర్వసు వానలకు చేను జలమయమైనా బాయిలో నీరు అంతగా పెరగదెందుకంటే ఇదే కారణం. ఆ నల్లరాతి పొరల నడుమ కూడా అక్కడక్కడ ఎర్రమన్ను పొరలు ఉంటాయి. అవి అడ్డుగోడలా నిలిచి నీటిని ఇంకా కిందికి పోనివ్వవు.

మూడవదే అన్నిటికంటే మందమైనది. మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాద్, ఇటు మంథని, మహదేవపూర్ వైపు, గోదావరి–ప్రాణహిత లోయ కింద ఇసుకరాయి, బంకమన్ను, బొగ్గు పొరలు మడత పెట్టిన బొంతల్లా ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిలో ఒక ఎర్రమన్ను పొరల వరుసకు శాస్త్రజ్ఞులు మలేరి అని పేరు పెట్టారు. పాత ఆదిలాబాద్ జిల్లాలోని చిన్న ఊరి పేరది. నడుమ నడుమ ఇసుకరాతి చారలు ఉన్నా, మొత్తం మీద వందల మీటర్ల మందం. ఇరవై రెండు కోట్ల ఏళ్ల కిందట నదులు తెచ్చి పోసిన ఒండ్రు అది. మొసలిని పోలిన పారాసూకస్ అనే జంతువు ఎముకలు ఆ మన్నులోనే దొరికాయి. మన ఊరి పేరు దేశదేశాల భూగర్భ శాస్త్ర గ్రంథాల్లో ఉందంటే సంతోషమే. కాని ఆ మన్నులో బాయి తవ్వుకున్నవాళ్లకు మాత్రం బిందె నిండడం కష్టం. ఇసుకరాతి చార తగిలితే తప్ప ఊట రాదు.

ఇంత మందం పొరలో నీరు ఎంత కాలానికి కిందికి దిగుతుంది? ఒక లెక్క వేసి చూద్దాం. నూరు అడుగుల బంకమన్ను పొర ఉందనుకోండి. దానికి పైనా కిందా నీటిమట్టాల్లో కూడా నూరు అడుగుల తేడా ఉందనుకోండి. మన్ను మరీ గట్టిది కాకుండా ఓ మాదిరిదైతే, అందులో నీరు ఏడాదికి మూడు అంగుళాలు దిగుతుంది. నూరు అడుగులంటే 1,200 అంగుళాలు. మూడుతో భాగిస్తే నాలుగు వందల ఏళ్లు! అంటే గోల్కొండ నవాబుల కాలంలో కురిసిన వాన ఇప్పుడు అడుగుకు చేరుతున్నదన్నమాట. మన్ను ఇంకా పది రెట్లు గట్టిదైతే నాలుగు వేల ఏళ్లు.

"ఇంత నెమ్మదయితే అసలు దిగనట్టే కదా?" అని మీరు అడగవచ్చు. అక్కడే ఉంది విశేషం. చుక్క చిన్నదే గాని చేను పెద్దది. పైన చెప్పిన లెక్క ప్రకారమే ఒక ఎకరం మన్ను గుండా ఏడాదికి సుమారు లక్షా ఇరవై వేల లీటర్లు దిగుతాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై నాలుగు. తక్కువేం కాదు. కాని ఒక ఎకరం వరి పండాలంటే సుమారు 48 లక్షల లీటర్ల నీరు పెట్టాలి. అంటే మన్ను పొర కింది నీళ్లతో ఒక ఎకరం వరి వేస్తే, నలభై ఎకరాల మన్ను ఏడాదంతా చుక్క చుక్క జార్చిన నీళ్లు దానికే సరిపోతాయి. ఊళ్లో ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని నలభై ఎకరాలున్నాయి? ఈ లెక్క ప్రతి ఇంటివాళ్లూ ఒకసారి వేసుకోవలసిందే.

మరి ఆ మన్ను కింద ఇసుకరాతిలో అన్ని నీళ్లు ఎలా చేరాయి? మన్నులోంచి జారినవి కొన్ని. మిగిలినవి పక్కనుంచి వచ్చినవి. ఇసుకరాతి పొర ఏటవాలుగా ఉండి, ఎక్కడో దూరాన గుట్టల దగ్గర నేల పైకి తేలుతుంది. అక్కడ వాన నీరు ఇంకి, పొర వెంట ఇటు దిగుతుంది. పైన మన్ను మూత పెట్టినట్టు ఉండడం వల్ల ఆ నీరు ఒత్తిడితో ఉంటుంది. బోరు మూతను గుచ్చగానే పైకి లేస్తుంది. గోదావరి లోయలోనే ఇంకా దిగువన, మణుగూరు, అశ్వాపురం వైపు మోటారు లేకుండానే నీళ్లు ఉబికే బోర్లు ఉన్నాయి. జనం పాతాళగంగ అంటారు. ఆ గంగను పైకి తెచ్చే బలం ఈ మూతదీ, ఆ ఏటవాలుదీ. కాబట్టి పొర పైకి తేలిన గుట్టల దగ్గర అడవి ఉంటే, వాన నిలిచే గుంటలు ఉంటే, ఎక్కడో దూరాన ఉన్న ఊరి బోరుకు మేలు. అక్కడ నేల పాడయితే ఆ నష్టం ఇక్కడివాళ్లు భరించాలి.

ఇక మన్ను కింద నీళ్లు ఎక్కువగా తోడితే ఏమవుతుందో చూడండి. గడ్డ పెరుగును గుడ్డలో మూటగట్టి దాని మీద బరువు పెడితే ఏమవుతుంది? నీరు నెమ్మదిగా కారిపోయి పెరుగు గట్టిపడి, మూట చిన్నదవుతుంది. మళ్లీ నీళ్లలో ముంచినా ఆ మూట మునుపటంత ఉబ్బదు. మన్ను పొర కూడా అంతే. కింద నీటి ఒత్తిడి ఉన్నంతసేపు పై బరువులో కొంత ఆ నీరే మోస్తుంది. నీళ్లు తోడేస్తే ఆ బరువంతా మన్ను పలకల మీద పడుతుంది. అవి దగ్గరికి నొక్కుకొని, తమలో దాచుకున్న నీటిని కక్కుతాయి. ఈ సంగతి లెక్కగట్టి చెప్పినవాడు కార్ల్ టెర్జాఘి. 1920లలో ఇస్తాంబుల్‌లో పాఠాలు చెబుతూ పరిశోధన చేసి, 1925లో పుస్తకం వేశాడు. ఆయన చెప్పినదాంట్లో మనం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పొర మందం రెట్టింపయితే ఈ మార్పుకు పట్టే కాలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు.

దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, ఇవాళ చేసిన పని ఫలితం ఇవాళ కనబడదు. లోతు బోర్లతో కింద నీళ్లు తోడుతుంటే, పైనున్న చేద బాయికి ఆ కబురు ఏళ్లు గడిచాక చేరుతుంది. "మూడేండ్ల నుంచి తోడుతున్నం, ఏమైంది?" అని ధీమాగా ఉంటాం. నాలుగో ఏడో, పదో ఏడో బాయి అడుగంటుతుంది. అప్పుడు కారణం వెదికినా దొరకదు. బొగ్గు గనుల దగ్గర కూడా ఇదే న్యాయం. గనిలో పనిచేయాలంటే నీటిని తోడి బయట పోయక తప్పదు. చుట్టుపక్కల బాయిల మీద ఆ దెబ్బ ఎంత త్వరగా, ఎంత గట్టిగా పడుతుందన్నది నడుమ ఉన్న మన్ను పొరల మందాన్ని బట్టి ఉంటుంది.

పొరలు మరీ మెత్తనివైతే నేలే కుంగుతుంది. మెక్సికో నగరం పాత చెరువు అడుగున ఉన్న బంకమన్ను మీద కట్టినది. కింద నీళ్లు తోడి తోడి, ఇరవయ్యవ శతాబ్దంలో ఆ నగరంలో కొన్నిచోట్ల నేల తొమ్మిది మీటర్ల దాకా కుంగింది. అమెరికాలో కాలిఫోర్నియా పంటపొలాల్లోనూ అంతే, 1925కూ 1977కూ మధ్య ఒకచోట దాదాపు తొమ్మిది మీటర్లు దిగింది. మన గోదావరి లోయ మన్ను కోట్ల ఏళ్ల బరువుకు ఎప్పుడో నొక్కుకొని గట్టిపడినది కాబట్టి అలాంటి భయం మనకు లేదు. అయితే కక్కిన నీళ్లు మళ్లీ అంత త్వరగా రావన్న సంగతి మనకూ వర్తిస్తుంది. అదే కాలిఫోర్నియాలో 2018లో ప్రకటించిన పరిశోధన ఇంకొకటి చెప్పింది. ఎక్కువగా తోడినప్పుడు బంకమన్ను తనలోని ఆర్సెనిక్ అనే విషాన్ని కూడా నీళ్లలోకి వదులుతుందట. అందుకే లోతు బోరు నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మి ఊరుకోకూడదు. తాగడానికి వాడేముందు పరీక్ష చేయించాలి.

సరే, ఇదంతా తెలుసుకొని మనం చేయగలిగిందేమిటి?

బోరు బండి వాకిట్లోకి వచ్చిన రోజు మీకు తెలుసు. గొట్టాలు దిగుతుంటాయి, ఫీటుకింత అని లెక్క పెరుగుతుంటుంది. "అక్కా, మన్ను తగిలింది. ఆపమంటవా, ఇంకో నూరు ఫీట్లు పొమ్మంటవా?" అని బండి మనిషి అడుగుతాడు. ఇంటాయన మన ముఖం చూస్తాడు, మన చూపు చేతి గాజుల మీద పడుతుంది. ఆ సమయంలో ఎవరో చెప్పిన మాట పట్టుకొని తలూపవద్దు. బండి రాకముందే భూగర్భజల శాఖవారినో, తెలిసిన నిపుణులనో అడిగి మన ఊరి కింద ఏముందో కనుక్కోండి. గోదావరి లోయలో మన్ను దాటితే ఇసుకరాయి తగలవచ్చు, పోవడంలో అర్థం ఉంది. గ్రానైటు నేలలో మన్ను కింద రాయే. రాతిలో పగుళ్లుంటేనే నీళ్లు, లేకపోతే ఎంత లోతు పోయినా దుమ్మే. ఆంధ్రప్రదేశ్‌గా ఉన్నప్పుడు 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం బోరుకు అనుమతి కూడా తీసుకోవాలి.

రెండవ సంగతి. బంకమన్ను మూత మనకు ఒక పెద్ద ఉపకారం చేస్తున్నది. మరుగుదొడ్డి గుంత మురికినీ, చేలల్లో చల్లే మందులనూ కిందికి పోనీయకుండా పట్టి ఆపుతున్నది. బోరు వేయడమంటే ఆ మూతకు చిల్లు పెట్టడమే. కేసింగు పైపు చుట్టూ సందు వదిలేస్తే, నాలుగు వందల ఏళ్లకు దిగవలసిన మురికి నాలుగు రోజుల్లో దిగుతుంది. పైపు చుట్టూ సిమెంటుతోనో మన్నుతోనో గట్టిగా పూడ్పించండి. నీళ్లు పడని బోరును నోరు తెరిచి వదలకండి, అడుగునుంచి పూడ్పించండి. పసిపిల్లలు పడి ప్రాణాలు పోతున్నందుకు సుప్రీంకోర్టు 2010లోనే ఈ ఆదేశం ఇచ్చింది. పిల్లల ప్రాణమూ దక్కుతుంది, నీళ్లూ దక్కుతాయి. రేగడి నేలలో అయితే మరుగుదొడ్డి గుంతకూ బాయికీ కనీసం యాభై అడుగుల ఎడం ఉంచండి. ఎండాకాలపు నెర్రెలు మురికికి కూడా దారే.

మూడవది చెరువు. ఏటేటా వరద తెచ్చే ఒండ్రు అడుగున పేరుకొని, మెత్తి అలికినట్టు ఊట దారులను మూసేస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో పూడిక తీసి చేలకు తోలుకున్నప్పుడు రెండు లాభాలు కలిగాయి. చేనుకు సత్తువ, చుట్టూ బాయిలకు ఊట. అయితే మొత్తం మన్నంతా గీకి మొరం తేలేదాకా తీస్తే, చెరువు నిలవకుండా ఇంకిపోవచ్చు. బాయిలు కావాలా, చెరువు కింద పారకం కావాలా అన్నది ఊరంతా కూర్చొని తేల్చుకోవలసిన మాట. ఆ కూర్చున్నవాళ్లలో మనం కూడా ఉండాలి. ఇంకుడు గుంత తవ్వినా ఇదే సూత్రం. రేగడి మన్నులో మూడడుగులు తవ్వి వదిలేస్తే అది దోమల గుంత అవుతుంది. మన్ను దాటి మొరం తగిలేదాకా తవ్వి, రాళ్లూ గులకా ఇసుకా నింపితేనే నీరు ఇంకుతుంది.

సోదరీమణులారా, పై బాయిలో ఊరే నీళ్లు నెల జీతం వంటివి. ఈ ఏటి వాన, ఈ ఏటి ఖర్చు. మందమైన మన్ను కింద ఉన్న నీళ్లు మాత్రం పెద్దలు విడిచిపోయిన బంగారం వంటివి. ఆపదలో తీసి వాడుకోవచ్చు, తప్పు లేదు. మంచినీళ్లకు కటకట వచ్చిన ఏడు అవే ఆదుకుంటాయి. కాని రోజూ కూరగాయలకు ఆ బంగారమే అమ్ముకుంటూ పోతే, మన బిడ్డ పెళ్లినాటికి పెట్టెలో ఏమీ మిగలదు. ఈసారి బోరు మాట ఇంట్లో వచ్చినప్పుడు, "ఏ నీళ్లు తోడుతున్నం? పైవా, మన్ను కిందివా?" అని ఒక్క మాట అడగండి. అడిగే హక్కు మనకుంది, నీళ్లు తెచ్చేది మనమే కాబట్టి.